కసువు బండిలో అంతా కలిపేస్తే ఎవరికి నేర్పి ఏం లాభం

తిరుపతిలో ఏ వీధికి పోయినా సరే, ఆకుపచ్చ డబ్బాలో బియ్యం పోసుకున్న ఇల్లో, నీలం డబ్బాలో బోరు నీళ్ళు పట్టుకున్న ఇల్లో, ఎర్ర డబ్బాలో పిల్లోళ్ళ ఆటసామాన్లు వేసిన ఇల్లో ఒకటన్నా తగలకుండా ఉండదు. 2021 అక్టోబర్ 2న క్లాప్, అంటే క్లీన్ ఆంధ్రప్రదేశ్ ప్రోగ్రాం మొదలైనప్పుడు టౌన్లలో ఇంటికి మూడు డబ్బాలు ఇచ్చారు, తడి చెత్తకి ఆకుపచ్చ, పొడి చెత్తకి నీలం, బ్యాటరీలు బ్లేడ్లు పాత మందులు లాంటివాటికి ఎరుపు. ఆ తర్వాత చెత్త పన్ను మీద గొడవలు అయ్యాయి, 2024లో గవర్నమెంట్ మారాక ఆ పన్ను పోయింది, డబ్బాలు మాత్రం ఇళ్ళల్లో ఉండిపోయాయి, మంచి గట్టి డబ్బాలు కదా మరి. దీన్ని చూసి "జనానికి అవగాహన లేదండీ" అని ఒక్క మాట అనేసి లేచి వెళ్ళిపోవడం చాలా ఈజీ. కానీ డబ్బాలో బియ్యం పోసుకున్న ఆవిడ లెక్క ఆవిడకి ఉంది: పొద్దున్నే బండి పాట వినపడగానే పరిగెత్తుకుంటా పోయి రెండు డబ్బాలు ఇస్తే, కళ్ళెదురుగానే రెండూ ఒకే దాంట్లో గుమ్మరిస్తే, రేపటి నుంచి ఎందుకు వేరు చేయాలి?

ఈ ప్రశ్న తిరుపతిది ఒక్కదానిదే కాదు. ప్రపంచంలో పెద్ద పెద్ద శరణార్థి క్యాంపుల్లో చెత్త వేరు చేయడం నేర్పించే ప్రోగ్రాములన్నీ ఇదే ప్రశ్న దగ్గరే తేలడమో మునగడమో జరుగుతుంది, కాకపోతే అక్కడ ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. ఎందుకంటే అక్కడి మనిషికి నేల తనది కాదు, చాలా చోట్ల పని చేసుకునే హక్కు లేదు, గేటు బయటికి పోయి పాత సామాన్లు అమ్ముకునే వీలు కూడా ఉండదు. మన పేపర్లలో పాతకాలం నుంచీ కాందిశీకులు అని రాసేవాళ్ళు కదా, ఆ మాట వింటే ఎక్కడో దూరాన అనిపిస్తుంది గానీ తడ దాటి తమిళనాడులోకి అడుగుపెడితే కొద్ది దూరంలోనే గుమ్మిడిపూండి ఉంది, శ్రీలంక తమిళుల పెద్ద క్యాంపుల్లో అదొకటి. తమిళనాడు మొత్తం మీద అలాంటివి వందకు పైగా ఉన్నాయి, 1983 గొడవల తర్వాత వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఇప్పుడు మనవళ్ళు కూడా. 2021లో వాటికి పునరావాస శిబిరాలు అని పేరు మార్చారు, అంటే శరణార్థి అనే మాట తీసేశారు, అయినా ఆ లైన్ ఇళ్ళు ఆ లైన్ ఇళ్ళే.

సైజు అర్థం కావాలంటే మన ఊరితోనే పోల్చుకుంటే సరి. 2011 లెక్కల్లో తిరుపతి టౌన్ జనాభా దాదాపు 2.87 లక్షలు, కార్పొరేషన్ విస్తీర్ణం అప్పట్లో సుమారు 27 చదరపు కిలోమీటర్లు. బంగ్లాదేశ్ కాక్స్ బజార్ దగ్గర కుటుపలాంగ్ క్యాంపులో మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాలు 6 లక్షలకు పైగా దాదాపు 13 చదరపు కిలోమీటర్లలో ఉంటున్నారు, అంటే తిరుపతిలో సగం నేల మీద తిరుపతికి రెట్టింపు జనం, అది కూడా కొండ వాలు మీద, వెదురు కర్రలు టార్పాలిన్‌లతో. 2017 ఆగస్టు తర్వాత కొన్ని నెలల్లోనే 7 లక్షల మందికి పైగా సరిహద్దు దాటి వచ్చేశారు, ముందు వచ్చినవాళ్ళతో కలిపితే పది లక్షల దగ్గరికి చేరింది. తలకి పావు కేజీ చెత్తే అనుకున్నా రోజుకి 250 టన్నులు. ఒక టౌన్ కట్టడానికి యాభై ఏళ్ళు పడితే మురుక్కాలవ, చెత్తబండి, డంపింగ్ యార్డ్ అన్నీ మెల్లగా వెనకాల వస్తాయి, ఇక్కడ జనం ముందొచ్చేశారు, మిగతాదంతా వెనకాల పరిగెత్తాల్సి వచ్చింది.

దీనికి తోడు "టెంపరరీ" అనే మాట ఒకటి. క్యాంపు అంటే ఆరు నెలలకో ఏడాదికో ఎత్తేస్తారు అనే లెక్కతోనే మొదలుపెడతారు, ఏ గవర్నమెంట్ అయినా అదే చెప్తుంది, కాబట్టి గుంత తవ్వి పూడ్చేస్తే చాలులే అనుకుంటారు. కెన్యాలో దాదాబ్ 1991లో మొదలైంది, ఇంకా ఉంది. పాలస్తీనా శరణార్థుల కోసం యునైటెడ్ నేషన్స్ పెట్టిన సంస్థ 1950 నుంచి నడుస్తా ఉంది, దాని లిస్టులో 58 క్యాంపులున్నాయి, క్యాంపుల్లో చెత్త ఎత్తే పని కూడా ఆ సంస్థే చూసుకుంటా వచ్చింది. అల్జీరియాలో టిండౌఫ్ దగ్గర, పశ్చిమ సహారా నుంచి వచ్చిన సహ్రావీ జనం 1975 చివర్లో ఎడారిలోకి వచ్చారు, అక్కడ పుట్టినవాళ్ళకి ఇప్పుడు మనవళ్ళు. అంటే పూడ్చేసిన గుంత మీద మళ్ళీ గుడిసె వచ్చింది, ఆ గుడిసె పక్కన ఇంకో గుంత.

మానవతా సాయంలో ఎంత ఉంటే కనీసం అని చెప్పే స్ఫియర్ హ్యాండ్‌బుక్ ఒకటుంది, 1997లో మొదలైన ప్రాజెక్ట్. దాని 2011 ఎడిషన్ లెక్క ప్రకారం ఇంటి దగ్గర పూడ్చే వీలు లేకపోతే పది కుటుంబాలకి ఒక 100 లీటర్ల డబ్బా ఉండాలి, వారానికి కనీసం రెండుసార్లు ఖాళీ చేయాలి, చెత్తగుంత 100 మీటర్లలోపే ఉండాలి. వినడానికి బానే ఉంది. కుటుంబానికి ఐదుగురు అనుకుంటే 50 మందికి ఒక డబ్బా, మూడున్నర రోజులకోసారి ఖాళీ, అంటే మనిషికి రోజుకి అర లీటర్ కంటే కాస్త ఎక్కువ జాగా. ఒక లీటర్ వాటర్ బాటిల్‌ని నలగ్గొట్టకుండా పడేస్తే ఆ మనిషి రెండు రోజుల కోటా అక్కడికి అయిపోయినట్టే! కాబట్టి క్యాంపులో చెత్త వేరు చేయడం అనేది పర్యావరణ దినోత్సవం ముచ్చట కాదు, ముందు జాగా లెక్క. బాటిల్ పక్కకి తీసి తొక్కి సంచిలో వేస్తే డబ్బా నిండదు, డబ్బా నిండకపోతే కాలవలోకి పడదు.

కాలవలో పడితే ఏమవుతుందో చెప్పడానికి కాక్స్ బజార్ దాకా పోనక్కర్లేదు. 2021 నవంబర్‌లో తిరుపతి మునిగినప్పుడు వాన ఎక్కువ పడింది నిజమే, కానీ ఒకసారి నీళ్ళు తీసేసిన కాలవల మూతలు ఎత్తి చూస్తే కనపడేది ఏంది? కవర్లు, టీ కప్పులు, చిప్స్ ప్యాకెట్లు, మధ్యలో ఒక చెప్పు. కాక్స్ బజార్‌లో అయితే వానాకాలంలో కొండలే జారతాయి, వంటచెరకు కోసం చెట్లు కొట్టేసిన మట్టి కొండలు, వాటి మధ్య చిన్న చిన్న కాలవలు చెత్తతో పూడిపోతే నీళ్ళు గుడిసెలోకి రావడం, మెట్లు కొట్టుకుపోవడం, నిలిచిన నీళ్ళలో దోమలు, డెంగీ. 2018 నుంచి వంట గ్యాస్ ఇవ్వడంతో చెట్లు కొట్టడం తగ్గింది, పొయ్యిలోకి ప్లాస్టిక్ వేసే అవసరం కూడా తగ్గి ఉంటుంది. మన పల్లెల్లో తడి కట్టెలు అంటుకోకపోతే ఒక పాల కవర్ చుట్టి పెట్టి అగ్గిపుల్ల గీస్తారు చూడండి, ఆ నల్ల పొగ పొయ్యి ముందు కూర్చున్న ఆవిడ ముక్కులోకే పోతుంది. గ్యాస్ వచ్చిన ఇంట్లో ఆ అలవాటు ఎవరూ లెక్చర్ ఇవ్వకుండానే పోయింది.

ఇక్కడే అసలు పాయింట్. జనానికి వేరు చేయడం రాదు అనేది పెద్ద అబద్ధం. చిత్తూరు పక్క పల్లెల్లోకి సైకిల్ మీదో టీవీఎస్ బండి మీదో పాత ప్లాస్టిక్‌కి ఉప్పు ఇచ్చేవాడు వస్తే చూడండి, చదువు రాని అవ్వ కూడా పగిలిన బక్కెట్, మగ్గు, డ్రమ్ము మూత అన్నీ ముందే పెరట్లో ఒక మూలకి చేర్చి పెట్టుకుని ఉంటుంది. బిస్కెట్ ప్యాకెట్లు తీసుకోడని ఆమెకి తెలుసు, ఇవ్వను కూడా ఇవ్వదు. పాత పేపర్లకి ఎర్రగడ్డలు, రాలిన వెంట్రుకలకి స్టీల్ గిన్నె, బీరు సీసాకి రూపాయో రెండో. గుజిరీ అంగట్లో అయితే ఇంకా నైపుణ్యం, గట్టి ప్లాస్టిక్ వేరు, మెత్తది వేరు, నీళ్ళకీ కూల్‌డ్రింక్‌కీ వాడే పెట్ బాటిల్ వేరు, దాంట్లో మళ్ళీ రంగుది తెల్లది వేరు, అట్టపెట్టె తడిసిందా ఎండిందా చేత్తో పట్టుకుని చెప్పేస్తాడు. ఏ సర్టిఫికెట్ కోర్సూ లేదు. వేరు చేస్తే ఏదో చేతికి వస్తుంది, వేరు చేసినది చివరిదాకా వేరుగానే పోతుంది, ఈ రెండూ కళ్ళకి కనపడ్డాయి కాబట్టి నేర్చుకున్నారు.

శరణార్థుల విషయంలో కూడా ఇదే. హైదరాబాద్ బాలాపూర్ పక్క ఉంటున్న రోహింగ్యా కుటుంబాల్లో చాలామంది చెత్త ఏరుకుని, అమ్ముకుని బతుకుతున్నవాళ్ళే, గుడిసెల పక్కన వాళ్ళు వేరు చేసి పెట్టిన మూటలు చూస్తే ఏ మున్సిపాలిటీ షెడ్డు కన్నా నీట్‌గా ఉంటాయి. అదే జనం కాక్స్ బజార్ క్యాంపులో ఉంటే "అవగాహన కల్పించాల్సిన లబ్ధిదారులు" అయిపోతారు. తేడా ఎక్కడుంది? బాలాపూర్‌లో మూట కొనేవాడు పక్క వీధిలో ఉన్నాడు. అక్కడ కొనేవాడు కంచె అవతల ఉన్నాడు.

కొనేవాడు దూరంగా ఉండటం అంటే ఏందో కూడా కొంచెం చూడాలి, ఎందుకంటే ప్రోగ్రాములు ఎక్కువ పడిపోయేది ఇక్కడే. లీటర్ పెట్ బాటిల్ ఖాళీది 20–25 గ్రాములు ఉంటుంది, అంటే కేజీ కావాలంటే 40–50 బాటిళ్ళు. నలగ్గొట్టకుండా గోతంలో వేస్తే గోతం అంతా గాలే, బరువు ఉండదు. లారీ బాడుగ మాత్రం గాలికీ ప్లాస్టిక్‌కీ ఒకటే. కాక్స్ బజార్ నుంచి చిట్టగాంగ్ 150 కిలోమీటర్లు, ఢాకా దానికి రెండింతల పైనే. అందుకే క్యాంపులో రీసైక్లింగ్ అంటే ముందు కావాల్సింది పోస్టర్ కాదు, ఒక నొక్కే మిషనో ముక్కలు చేసే మిషనో, దానికి కరెంటో డీజిలో, తూకం బుక్కు, బయటికి పోవడానికి గేటు పర్మిషన్. చిప్స్ ప్యాకెట్ లాంటివి, లోపల వెండి రంగు పూత ఉండేవి, ఎవడూ కొనడు. ప్లాస్టిక్ పొర, సన్నటి అల్యూమినియం పూత ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, విడదీయడానికి అయ్యే ఖర్చు వచ్చేదాని కన్నా ఎక్కువ. ఆ సంగతి నేర్పించేటప్పుడు దాచకుండా చెప్పాలి. "ప్లాస్టిక్ అంతా ఇక్కడ వేయండి, అంతా రీసైకిల్ అవుతుంది" అని చెప్పి, వారం తర్వాత చిప్స్ ప్యాకెట్లన్నీ గుంతలో కాలుతుంటే పిల్లోళ్ళు చూశారంటే ఇంక ఆ టీచర్ మాట ఎవరు వింటారు.

నేర్పించడంలో బాగా పనికొచ్చేది ఏమన్నా ఉందంటే ఒక బక్కెట్ నీళ్ళు, ఒక కత్తెర. కూల్‌డ్రింక్ బాటిల్ నుంచి ఒక ముక్క కత్తిరించి నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది, అదే బాటిల్ మూత వేస్తే తేలుతుంది, ఎందుకంటే బాటిల్ పెట్ ప్లాస్టిక్, నీటి కన్నా బరువు, మూత వేరే జాతి, నీటి కన్నా తేలిక. పాల కవర్ ముక్క తేలుతుంది. కరెంటు పైపు ముక్క, అదే పీవీసీ, మునుగుతుంది. ఒకే బాటిల్‌లో రెండు రకాల ప్లాస్టిక్ ఉంది, అందుకే మూత తీసి వేరుగా వేయమంటారు అని అప్పుడు చెప్తే పదేళ్ళ పిల్లోడు సాయంత్రానికి ఇంట్లో ఉన్న సామాన్లన్నీ నీళ్ళలో ముంచి చూస్తాడు, వాళ్ళమ్మ చేత తిట్లు తింటాడు, కానీ మర్చిపోడు. దీనికి అక్షరం ముక్క రానక్కర్లేదు, భాష కూడా పెద్దగా అక్కర్లేదు.

భాష అనేది చిన్న విషయం కాదు అక్కడ. రోహింగ్యా భాష ఎక్కువగా నోటి భాష, హనీఫీ అనే లిపి ఉన్నా దాన్ని చదవగలిగేవాళ్ళు తక్కువ, చాలామందికి మయన్మార్‌లో స్కూలు చదువే అందలేదు. బర్మీస్‌లో రాస్తే కొందరికి, బెంగాలీలో రాస్తే ఇంకొందరికి, ఇంగ్లీష్‌లో రాస్తే రాసినవాడికి. అందుకని బొమ్మలు, మైకులో చెప్పడం, మసీదులో ఇమాం చేత చెప్పించడం, బ్లాకుకి పెద్దగా ఉండే మాఝీ చేత చెప్పించడం, ఇంటింటికీ పోయే ఆడ వాలంటీర్లు, ఇవే దారులు. వీటిలో ఆడ వాలంటీర్ల దారే గట్టిది, చెత్త పుట్టేది వంట దగ్గర కాబట్టి, వంట దగ్గరికి బయటి మగాడు పోలేడు కాబట్టి. రంగుల డబ్బాలు పెట్టి ఆకుపచ్చ అంటే తడి అనుకోమంటే అది మన దగ్గరే ఎక్కలేదు, తిరుమలకి వచ్చే జనం కోసం తెలుగు, తమిళం, కన్నడ, హిందీ, ఇంగ్లీష్ బోర్డులన్నీ ఉన్నా డబ్బా పక్కనే పడేసేవాళ్ళు పడేస్తానే ఉంటారు.

తిరుమల మాట వచ్చింది కాబట్టి, జోర్డాన్‌లో సిరియా వాళ్ళ కోసం 2012 జూలైలో తెరిచిన జాతరీ క్యాంపులో చాలా ఏళ్ళు 80 వేల చుట్టూ జనం ఉన్నారు, మామూలు రోజుల్లో తిరుమలకి వచ్చే 60–70 వేల మంది కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇక్కడ జనం దర్శనం చేసుకుని దిగిపోతారు, అక్కడ ఉండిపోయారు, ఆ తేడా పెద్దదే. కానీ కొండ మీద ఒక పని ఏ బోర్డు కంటే బాగా పనిచేసింది. ప్లాస్టిక్ వాటర్ బాటిల్ తీసేసి గాజు సీసా పెట్టారు, సీసాకి డిపాజిట్ కట్టించుకుంటారు, ఖాళీ సీసా తిరిగి ఇస్తే డబ్బు వెనక్కి. ఆ డబ్బు కోసం మనోళ్ళు క్యూలో నిలబడి మరీ ఇస్తారు, అంగడివాడు సీసా తీసుకోనంటే గొడవ కూడా పెట్టుకుంటారు! అలిపిరి దగ్గర చెకింగ్‌లో ప్లాస్టిక్ పట్టుకోవడం ఒక ఎత్తు, పైన దానికి బదులు ఇంకోటి చేతికి ఇవ్వడం ఒక ఎత్తు. రెండోది లేకుండా మొదటిది నిలబడదు. బంగ్లాదేశ్ పల్చటి పాలిథిన్ కవర్లని 2002లోనే బ్యాన్ చేసింది, ప్రపంచంలో మొట్టమొదట, వరదల్లో కాలవలు పూడిపోతున్నాయనే కారణంతో. అయినా అదే దేశంలో క్యాంపు కాలవల్లో కవర్లే. మన దగ్గర కూడా పల్చటి కవర్ల మీద బ్యాన్ ఉంది, ఆదివారం సంతలో చేపలు దేంట్లో కట్టిస్తున్నారో అందరికీ తెలిసిందే.

క్యాంపులో డిపాజిట్ లాంటి ఏర్పాటు ఎంత బలంగా పనిచేయగలదో ఊహించడానికి ఒక్క అంకె చాలు. 2023లో డబ్బులు చాలక కాక్స్ బజార్‌లో రేషన్ సాయాన్ని మనిషికి నెలకి 12 డాలర్ల నుంచి ముందు 10కి, జూన్ కల్లా 8 డాలర్లకి తగ్గించారు, అప్పటి రేటులో సుమారు 650 రూపాయలు, ఆ తర్వాత మళ్ళీ పెంచారు అనుకోండి. నెలకి 650 రూపాయల మీద తినే ఇంట్లో కేజీ బాటిళ్ళకి వచ్చే నాలుగు డబ్బులకి లెక్క ఉంటుంది. డబ్బే ఇవ్వాలని లేదు, సబ్బు ఇవ్వొచ్చు, కూరగాయల విత్తనాలు ఇవ్వొచ్చు, మన ఉప్పువాడిలాగా. కానీ దీంట్లో ఒక చిక్కు ఉంది, డబ్బు పెట్టగానే పిల్లోళ్ళు స్కూల్ మానేసి బాటిళ్ళ వెనక తిరుగుతారు, ఆసుపత్రి చెత్తలో కూడా చేతులు పెడతారు, సూదులు గుచ్చుకుంటాయి. కాబట్టి ఎవరి దగ్గర కొనాలి, ఎక్కడి చెత్త కొనకూడదు అనే రూలు మొదటి రోజే పెట్టుకోవాలి.

రీసైక్లింగ్ గురించి మాట్లాడితే అందరూ చెప్పే అందమైన కథ ఒకటుంది, సహ్రావీ క్యాంపుల్లో ప్లాస్టిక్ బాటిళ్ళలో ఇసుక నింపి ఇళ్ళు కట్టిన తాతె లెహబీబ్ బ్రైకా కథ. 2015లో ఎడారిలో వాన పడి మట్టి ఇళ్ళు కరిగిపోయాయి, ఆ తర్వాత ఆయన గుండ్రటి ఇళ్ళు కట్టాడు, ఒక్కో ఇంటికి 6 వేల దాకా బాటిళ్ళు, మొదట్లో జనం పిచ్చోడు అన్నారంట. ఎడారి గాలికి వానకి తట్టుకునే ఇల్లు, చేతిలో ఉన్న వస్తువుతో, మెచ్చుకోవాల్సిందే. కాకపోతే దీన్ని చూపించి చెత్త సమస్యకి దారి దొరికింది అనుకోకూడదు. బాటిళ్ళతో కుర్చీలు, కవర్లతో బ్యాగులు, టైర్లతో పూలకుండీలు, ఇవన్నీ ఫోటోలో బాగుంటాయి, ఆఫీసర్ వచ్చినప్పుడు స్టాల్ పెట్టడానికి బాగుంటాయి, క్యాంపు చెత్తలో వీటి వాటా కొంచెమే. మన స్కూళ్ళల్లో కూడా చెత్త మీద పాఠం అంటే చివరికి ఐస్‌క్రీం పుల్లలతో పెన్ స్టాండ్ దగ్గరే ఆగిపోతుంది కదా. క్యాంపుల్లోనైనా మన ఊళ్ళల్లోనైనా బరువులో చూస్తే ఎక్కువ ఉండేది తడి చెత్తే, దాన్ని పక్కకి తీస్తే మిగతాదంతా దానంతట అదే సులువు అవుతుంది. పెరుగన్నం అంటుకున్న పాల కవర్ గుజిరీ అంగట్లో చెల్లదు, కడిగి ఆరేసిన పాల కవర్ చెల్లుతుంది, మధ్యలో ఉన్న తేడా ఒక్క నిమిషం పని. ఆ నిమిషానికి నీళ్ళు కావాలి అనేది మాత్రం మర్చిపోకూడదు, బిందె నీళ్ళ కోసం లైన్లో నిలబడే చోట కవర్లు కడగమని చెప్పడానికి ముందు ఒకసారి ఆలోచించాలి.

పోస్టర్లలో ఎక్కడా కనపడని చెత్త ఇంకోటి ఉంది, ఆడవాళ్ళ ప్యాడ్లు, పిల్లల డైపర్లు. సాయం కింద ప్యాడ్లు ఇస్తారు, వాడినవి ఎక్కడ వేయాలో చెప్పడం తర్వాత గుర్తొస్తుంది. పది కుటుంబాలకి ఒక డబ్బా ఉన్నచోట, అది కూడా నడిదారిలో, అందరి ముందు ఏ ఆడపిల్ల దాంట్లో వేస్తుంది? చీకటి పడ్డాక పూడుస్తారు, లేదంటే లెట్రిన్‌లో పడేస్తారు, ఆ గుంత పూడిపోయి దాన్ని తోడే మిషన్ పైపుకి అడ్డం పడుతుంది, అప్పుడు తప్పు ఆడవాళ్ళ మీదికి వస్తుంది. మన దగ్గర 2016 ఘన వ్యర్థాల రూల్స్‌లోనే ప్యాడ్లు చుట్టడానికి కవర్ కంపెనీలే ఇవ్వాలని రాశారు, అయినా ఇక్కడ న్యూస్ పేపర్‌లో చుట్టి నల్ల కవర్‌లో పెట్టి బండిలో వేస్తా ఉంటే, దాన్ని ఉత్త చేతులతో విప్పేది ఎవరు? ఆ కార్మికురాలే. లెట్రిన్ గది లోపలే మూత ఉన్న చిన్న డబ్బా, దాన్ని ఎత్తడానికి ఆడ మనిషి, ఆమెకి గ్లవ్స్, ఒక చిన్న కాల్చే పొయ్యి, ఇంతే కావాల్సింది. మీటింగ్‌లో మగవాళ్ళు మాత్రమే కూర్చుంటే ఈ నాలుగూ లిస్టులోకి రావు.

ఎత్తేవాళ్ళ గురించి మాట్లాడకుండా వేరు చేయడం గురించి మాట్లాడటం మన వాళ్ళకి బాగా అలవాటు. 2023 డిసెంబర్ చివర్లో రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మెకి దిగినప్పుడు రెండు మూడు రోజులకే వీధి మొగదల్లో కుప్పలు లేచాయి, అప్పుడు గుర్తొచ్చారు అందరికీ. మన దగ్గర ఈ పని ఏ కులాల నెత్తిన పడిందో చెప్పక్కర్లేదు. క్యాంపుల్లో వేరే రూపంలో ఇదే, అక్కడ చెత్త పని చేసేవాళ్ళకి జీతం అనరు, పని చేసే పర్మిషన్ లేదు కాబట్టి వాలంటీర్ అంటారు, ఇచ్చేదాన్ని ప్రోత్సాహకం అంటారు. ఫండ్ ఆగిపోతే మొదట ఆగేది వాళ్ళ చేతి డబ్బు, ఆ తర్వాత బండి. గ్రీస్‌లో మోరియా క్యాంపు సంగతి తెలిసిందే, దాదాపు 3 వేల మందికి కట్టిన చోట 2020 మొదట్లో 20 వేల దాకా ఉన్నారు, ఆలివ్ చెట్ల మధ్య చెత్తగుట్టలు, ఎలుకలు, ఆ సెప్టెంబర్‌లో మొత్తం కాలిపోయింది. అక్కడున్నవాళ్ళలో డాక్టర్లు, టీచర్లు, అందరూ ఉన్నారు, అవగాహన లేక కాదు గుట్టలు లేచింది.

మరి నేర్పించడం వేస్టా అంటే, కాదు. కానీ ఏం నేర్పిస్తున్నాం అనేది తిరగేయాలి. ఏ చెత్త ఏ డబ్బాలో అనేది సగం పాఠం, ఆ డబ్బాలోది రేపు ఎక్కడ ఉంటుంది అనేది మిగతా సగం, ఎక్కువ బరువున్న సగం. తిరుపతికి తూకివాకం దగ్గర తడి చెత్తకి, పొడి చెత్తకి, ఇల్లు పగలగొట్టిన చెత్తకి వేరువేరు ప్లాంట్లు ఉన్నాయి, ఊళ్ళో ఎంతమంది చూసి ఉంటారు? ఒక వీధి ఆడవాళ్ళని బస్సులో తీసుకుపోయి, వాళ్ళ వీధి బండి అక్కడ దేంట్లో గుమ్మరిస్తుందో చూపిస్తే, కలిపి గుమ్మరిస్తే అక్కడే నిలదీయనిస్తే, అది మూడు నెలల ప్రచారంతో సమానం. పొరపాటున కూడా ముందు రోజు ఊడ్చి ముగ్గేసి చూపించకూడదు. క్యాంపులోనూ ఇదే వర్తిస్తుంది, ప్రతి బ్లాకు నుంచి ఇద్దర్ని వంతుల వారీగా కంపోస్ట్ షెడ్డు తూకం దగ్గర కూర్చోబెట్టి, మా బ్లాకు నుంచి ఇన్ని కేజీలు వచ్చింది, ఇంత పనికిరాక వెనక్కి పోయింది అని వాళ్ళ నోటితోనే వాళ్ళ జనానికి చెప్పిస్తే, బయటినుంచి వచ్చిన టీషర్ట్ వాళ్ళ మాట కంటే అది నమ్ముతారు. కంపోస్ట్ అయితే ఇంకా సులువు, గుడిసె మీదికి పాకించిన సొరపాదుకి ఆ ఎరువు వేసి కాయ కాస్తే ఇంకేం చెప్పాలి.

ఇదంతా మనకెందుకు అనుకునేవాళ్ళకి తిరుపతి పక్కనున్న రాయలచెరువు గుర్తు చేస్తే చాలు. 2021 నవంబర్‌లో కట్ట నుంచి నీళ్ళు కారుతున్నాయని తెలిసి కింద ఊళ్ళ జనాన్ని రాత్రికి రాత్రి ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. తెగలేదు కాబట్టి కొద్ది రోజుల్లో ఇళ్ళకి పోయారు. తెగి ఉంటే? స్కూల్ గదుల్లో, కళ్యాణమండపాల్లో వారాల తరబడి ఉండాల్సి వచ్చేది, అప్పుడు అదే ఒక క్యాంపు. ఏ వరదకైనా సాయం వచ్చే తీరు తెలిసిందే కదా, మనసున్న జనం ఆటోలు కట్టుకుని పులిహోర పొట్లాలు, వాటర్ ప్యాకెట్లు, బిస్కెట్లు, దుప్పట్లు కవర్లతో సహా తెస్తారు, సాయంత్రానికి స్కూల్ గ్రౌండ్ నిండా ఆ కవర్లే, పులిసిన అన్నం, దాని మీద ఈగలు, రెండో రోజుకి పిల్లోళ్ళకి విరేచనాలు. సహాయ కేంద్రంలో పెట్టాల్సిన సామాన్ల లిస్టు రాసేటప్పుడు బియ్యం, కందిపప్పు, నూనె, క్యాండిల్స్, బ్లీచింగ్ పౌడర్ దాకా వస్తారు, అక్కడ ఆపేస్తారు. దాని కింద ఇంకో నాలుగు లైన్లు పడాలి: ఖాళీ గోతాలు ముప్పై, మూత ఉన్న డబ్బాలు పది, గ్లవ్స్, దగ్గర్లో ఉన్న గుజిరీ అంగడి ఫోన్ నంబర్. ఆ నంబర్‌కి మొదటి రోజే ఫోన్ చేసి, ఏం తీసుకుంటావు, ఏం తీసుకోవు, బండి ఎప్పుడు పంపుతావు అని అడిగి, వాడు చెప్పిన జవాబునే సుద్దముక్కతో స్కూల్ గోడ మీద గోతాల పైన రాయాలి.